కొలిచి కొనవలసిన సంచి

మార్గశిరపు మంచు గోదావరిగట్టుపై దిగి, వేకువజామున పాత హేవలాక్ వంతెన స్తంభములు సగము మాత్రమే కంటికి ఆను దినములు వచ్చెనన్న, రాజమహేంద్రవరపు పడుచువాండ్ర మనస్సు కోరుకొండ, గోకవరము, రంపచోడవరముల మీదుగా మారేడుమిల్లి కొండలవైపునకు పరుగెత్తును. నగరమునకు ఉత్తరముగా సుమారు 85 కిలోమీటర్ల దూరముననున్న ఆ కొండలకు ఉదయమే పోయి, ఏటిలో స్నానమాడి, వెదురుబొంగులో కాల్చిన కోడికూర తిని, ప్రొద్దు గ్రుంకునప్పటికి ఇల్లు చేరుట మొన్నమొన్నటి అలవాటు. ఇప్పుడు ఒకటి రెండు రాత్రులు అచ్చటనే, చెట్లనడుమ ఊయల కట్టుకొని, ఆకులసందున నక్షత్రములను చూచుచు నిద్రించి రావలెనను కోరిక పెరుగుచున్నది. అది మంచి కోరిక. అయితే ఆ కోరిక కలిగిన ప్రతివాడును మొట్టమొదట అడుగు ప్రశ్న ఒక్కటే: వీపున తగిలించుకొనుటకు ఎన్ని లీటర్ల సంచి కొనవలెను?

ఈ ప్రశ్న న్యాయమైనదే గాని, మొదట అడుగవలసినది మాత్రము కాదు. తెలియక మొదటనే అడిగి నేను నష్టపోతిని గనుక ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను. ఊయలగాని, వానగుడ్డగాని ఇంకను కొనకముందే ఒక దుకాణమునకు పోయి సంచి చూపుమంటిని. "పెద్దదే తీసుకోండి బాబూ, చోటు మిగిలితే నష్టమేం లేదు గాని, చాలకపోతే అడవిలో ఏం చేస్తారండీ?" అని దుకాణదారుడు చెప్పిన మాట నాకు యుక్తముగనే తోచినది. 65 లీటర్ల సంచి కొంటిని. ఇంటికి వచ్చి సర్దునప్పుడు చోటు మిగిలియున్నది. మిగిలిన చోటు చూచినకొలది ఏదో ఒకటి అవసరమని తోచినది. రెండవ తువాలు, మూడవ జత బట్టలు, పెద్ద గిన్నె, చదువని పుస్తకము, ఒకదాని వెనుక ఒకటి అందులోనికి పోయినవి. తూచగా 19 కిలోలు. ఆనాడు నేను 62 కిలోల మనిషిని. ఆ సంచితో మారేడుమిల్లి కొండలలోని వలమూరు ఏటి ఒడ్డున నడచిన రెండు దినములలో నేను అడవిని చూచినది తక్కువ, నా పాదములను చూచుకొన్నది ఎక్కువ.

లీటరను మాట విన్నంతనే మనకు పాలు, నూనె, పెట్రోలు స్ఫురించును గాని, సంచికి లీటరు అనగా అందులో పట్టు చోటు. బరువునకును దానికిని సంబంధము లేదు. ఒక్క నీటి విషయమున మాత్రమే లీటరును కిలోయును సమానములగును. దూది బొంత పెక్కు లీటర్ల చోటును ఆక్రమించియు కొద్ది కిలోలే తూగును. బియ్యము అట్లుగాక కొద్దిచోటనే బరువెక్కును. ఇరువదియైదు కిలోల బియ్యపు బస్తా ఎంత చోటు పట్టునో ఈ మండలమున ఎరుగనివారు లేరు. అది సుమారు 30 లీటర్లు. అంతటి పరిమాణముగల సంచిని ముప్పది లీటర్ల సంచి యనియు, దానికి రెట్టింపునకు కొంచెము పైబడినది నేను కొనిన సంచి యనియు ఊహించుకొన్నచో లెక్క కన్నులకు కట్టును.

మన పెద్దలకు ఈ భేదము కొట్టినపిండి. రెండు సోలలు ఒక తవ్వ, రెండు తవ్వలు ఒక మానిక, నాలుగు మానికలు ఒక కుంచము అని వారు ధాన్యమును కొలిచిరేగాని తూచలేదు; పంట ఎంతయో చూచుకొని దానికి తగినట్లు గాదెను కట్టుకొనిరి. గాదె ముందు కట్టి, అది నిండుటకై భూమి వెదకిన రైతు లేడు. ఊయలతో అడవికి పోవువానికిని అదియే నీతి. వస్తువులు ముందు, కొలత తరువాత, సంచి అన్నిటికంటె చివర.

ఈ కొలతకు త్రాసు అక్కరలేదు, ఒక అట్టపెట్టె చాలును. దాని అడుగు 40 సెంటీమీటర్ల పొడవు, 25 సెంటీమీటర్ల వెడల్పు ఉండునట్లు కత్తిరించి అంటించుకొన్నచో, అడుగు వైశాల్యము సరిగా వేయి చదరపు సెంటీమీటర్లగును. అప్పుడు ఎత్తున ప్రతి సెంటీమీటరును ఒక్కొక్క లీటరు. ప్రక్కగోడమీద పెన్సిలుతో గీతలు గీసికొని, తీసికొనిపోదలచిన వస్తువులను సంచిలో సర్దునట్లే అందులో సర్ది, పైనుండి అరచేతితో కొంచెము అదిమి, ఎన్నవ గీత వరకు వచ్చెనో చూచుకొనవలెను. వచ్చిన సంఖ్యకు పదింట ఒకవంతు కలిపినయెడల మీకు కావలసిన సంచి పరిమాణము తేలును. మొదటి యాత్ర ముగిసిన పిదపనే ఈ పని చేసితిని. ముందే చేసియున్న మేలుగా నుండెడిది.

ఇంతకును ఈ ఊయల సంసారములో ఏమేమి యుండును? దుకాణములలో హ్యామక్ అని పిలువబడు ఈ వస్తువు కరేబియను దీవులవారిది. 1492లో కొలంబస్ అచ్చటి ప్రజలు చెట్లనడుమ వలలు కట్టుకొని పరుండుట చూచెను. వారి హమాకా అను మాటయే ఐరోపా భాషలలోనికి పోయినది. పిమ్మట ఇంగ్లీషు నౌకాదళము 1597లో దానిని తమ నావికుల శయ్యగా స్వీకరించెను. ఆ ఓడలలో ప్రతి ఉదయమును నావికుడు తన ఊయలను బిగువుగా చుట్టి, నియమితమైన కొలతగల ఒక కడియము గుండ దూర్చి చూపవలసియుండెను. దూరకపోయినచో మరల చుట్టవలసినదే. చోటు అపురూపమైన చోట పరుపును కొలిచి చూచుకొనుట నాడే తప్పనిసరి యైనది. మనకైతే పేరు క్రొత్తది గాని వస్తువు క్రొత్తది కాదు. దూలమునకు వ్రేలాడదీసిన తల్లి చీరలో నిద్రింపని బిడ్డ పూర్వము మన యిండ్లలో అరుదు.

పెద్దవారి ఊయలకు చీర చాలదు. చిక్కని నేతగల నైలాను గుడ్డతో చేసిన ఊయల, దానిని చెట్టునకు కట్టుటకు రెండు పట్టీలు, పైన వాననుండి కాపాడుటకు సుమారు మూడు మీటర్ల చదరపు వానగుడ్డ, దాని త్రాళ్లు, మేకులు, చుట్టును దోమతెర. మన్యమున మలేరియా నేటికిని పూర్తిగా తొలగలేదు గనుక దోమతెర లేకుండ అచ్చట ఒక్క రాత్రియైనను పరుండరాదు. పట్టీల విషయమున నవారు మంచము నేసిన చేతులకు వేరుగా చెప్పనక్కరలేదు. సన్నని కొబ్బరిపీచు త్రాడు బెరడును కోసి చెట్టును గాయపరచును, వెడల్పైన నవారు బరువును పరచి చెట్టును కాపాడును. నూలు నవారు వానకు నాని బరువెక్కును గనుక, అంతే వెడల్పుగల పాలిస్టరు పట్టీ, ఒక అంగుళమునకు తక్కువ కానిది, మేలు. పట్టీలు నేలకు సమాంతరమునుండి సుమారు ముప్పది డిగ్రీల కోణమున వ్రేలాడునట్లు కట్టినచో ఒక్కొక్క వైపున మనిషి బరువునకు సమానమైన లాగుడు మాత్రమే పడును. చదునుగా నుండుటకై బిగలాగి పది డిగ్రీలకు తెచ్చితిమేని ఆ లాగుడు దాదాపు మూడు రెట్లగును. కావున కొంచెము సడలుగా కట్టి, అందులో నిలువున గాక ఐమూలగా పరుండవలెను. అప్పుడు గుడ్డ తనంతట చదునై నడుమునకు హాయి నిచ్చును.

ఈ సామగ్రి యందు ఒక సుగుణము కలదు. డేరాకు ఉండునట్టి గట్టి కడ్డీలు దీనికి లేవు. డేరా మోయువాడు కడ్డీ పొడవునకు తగిన సంచి చూచుకొనవలెను. ఊయలవాని సరకు మేకులు మినహా సమస్తమును గుడ్డయే, ఎచ్చట సందు దొరికిన అచ్చట ఒదుగును. అందుచేత ఒక్కొక్క వస్తువును ఒక్కొక్క చిన్న గుండ్రని సంచిలో బిగించి పెట్టుట తెలివిగా కనబడినను తెలివి కాదు. గుండ్రని మూటల నడుమ ఖాళీలు మిగులును; ఖాళీకిని లీటర్లు లెక్కయే. సంచి లోపల మందపు పాలిథిన్ సంచి యొకటి పరచి, తడియరాని వానినన్నిటిని వదులుగా అందులో కూరి మూతి మడచినచో, చోటును మిగులును, వానభయమును తీరును.

ఇక అసలు విషయమునకు వత్తును. ఊయలవాని సంచి పెరుగుటకు కారణము ఊయల కాదు, బొంత. చలికాలమున నులక మంచముపై పరుండినవారికి అవ్వ పైన కప్పుటకు ముందే క్రింద ఒక బొంత పరచుట జ్ఞాపకముండియుండును. నులక సందులనుండి చలి అడుగున ఎక్కునని ఆమె ఎరుగును. ఊయలలో ఆ చలి మరింత. గుడ్డకు క్రిందుగా గాలి స్వేచ్ఛగా పోవుచుండును, వీపు క్రిందనున్న బొంత మన బరువునకు అణగి తనలోని గాలిని పోగొట్టుకొనును. బొంతకు వెచ్చదన మిచ్చునది దూది కాదు, దూదిలో చిక్కుకొన్న గాలి. అందువలన ఊయల వాడుకరులు ఒక బొంతను ఊయలకు వెలుపల, అడుగువైపున, బరువు పడకుండ వ్రేలాడదీయుదురు. దీనిని మనము క్రింది బొంత యనుకొందము. పై బొంత మరియొకటి. ఈ రెండే సంచిలో సగము చోటు నాక్రమింపజాలును.

నా పెట్టెలో నేను కొలిచిన లెక్క ఇది. ఊయల, పట్టీలు మూడు లీటర్లు, వానగుడ్డ త్రాళ్లతో మూడు, దోమతెర ఒకటి, పలుచని దుప్పటి రెండు, ఒక జత బట్టలు, తువాలు అయిదు, వానకోటు రెండు, చిన్న పొయ్యి, గిన్నె మూడు, రెండు దినముల తిండి నాలుగు, నీరు మూడు, మందులు, టార్చిలైటు, చాకు మొదలగునవి రెండు. మొత్తము 28. పదింట ఒకవంతు కలుపగా 30కి కొంచెము పైన. వెచ్చని దినములలో 30 నుండి 35 లీటర్ల సంచి చాలునన్నమాట. అదే పుష్యమాసమున దుప్పటికి బదులు తేలికయైన కృత్రిమపు నార నింపిన క్రింది బొంత ఏడు, పై బొంత ఏడు, ఉన్ని స్వెటరును టోపీయు మూడు చేరగా, మొత్తము 43 అయినది. దానికి 48 లేక 50 లీటర్ల సంచి సరి. ఇంటి దూది బొంతలనే మోయుదుమన్నచో ఒక్కొక్కటి పదునైదు లీటర్లు పట్టి, లెక్క 59కి పోయినది. నా మొదటి సంచి 65 లీటర్లదైనను నిండిపోవుటకు మూలము అచ్చట దొరకినది: సంచిలో సగమునకు కొంచెము తక్కువగా నేను మోసినది దూది.

ఈ లెక్కలో గమనింపదగిన సత్య మొకటి యున్నది. ఒక రాత్రికి బదులు మూడు రాత్రులున్నను ఊయల ఒకటే, దోమతెర ఒకటే, బొంతలు అవియే; పెరుగునది తిండి మాత్రమే, అదియును దినమునకు రెండు లీటర్లు. ఋతువు మారినచో పదునైదు లీటర్లు మారును. కాబట్టి ఎన్ని దినములు పోవుచున్నారని గాక, ఏ మాసమున పోవుచున్నారని తన్ను తాను అడుగుకొన్నవాడే సరియైన సంచి కొనగలడు. జూను మొదలు సెప్టెంబరు వరకు నైరృతి వానలలో ఏరులు పొంగును, జెలగలు పట్టును. క్రొత్తవారు ఆ కాలమున పోకుండుటయే మేలు. నవంబరునుండి ఫిబ్రవరివరకు మంచికాలము గనుక మన ప్రాంతపువానికి ఒకేయొక సంచి కొనవలసివచ్చినచో 45 నుండి 50 లీటర్లది కొనుమందును. అది నిండని దినములలో ప్రక్కపట్టీలు బిగించి చిన్నదిగా చేసికొనవచ్చును.

స్థలమును బట్టియు కొంత మార్పు కలదు. గుడిస కొండపైకి సూర్యోదయము చూడబోవువారు ఊయలను నమ్ముకొనరాదు. అచ్చట కనుచూపు మేర గడ్డియే గాని కట్టుటకు చెట్లు దొరకవు. కోనసీమలోనైతే కట్టుటకు చెట్లే చెట్లు. కాని కొబ్బరితోటలలో చెట్టునకు చెట్టునకు నడుమ ఏడున్నర, ఎనిమిది మీటర్లు విడుతురు, ఊయలకు నాలుగైదు మీటర్ల ఎడము చాలును గనుక అచ్చట పట్టీలు పొడుగైనవి కావలెను. అంతకంటె ముఖ్యము, కాయ పడునో మట్ట పడునో తెలియని కొబ్బరిచెట్టు క్రింద నిద్రింపనే రాదు. అడవిలోను ఎండిన కొమ్మ తలపైనున్న చెట్టును, తొడకంటె సన్నని చెట్టును, వెదురును విడిచి, బ్రతికియున్న మద్దిని, టేకును ఎన్నుకొనవలెను.

లీటర్లు తేలిన తరువాత కిలోల విచారము. నిండిన సంచి బరువు మోయువాని బరువులో అయిదవవంతును మించరాదన్నది నడకవారు పాటించు నియమము. అరువది కిలోల మనిషికి పండ్రెండు కిలోలు. ఈ భారమును భుజములు మోయరాదు, తుంటియెముకలు మోయవలెను. అందుకొరకే మంచి సంచికి నడుముపట్టీ వెడల్పుగా, మెత్తగా నుండును. ఒకే లీటర్ల సంచి పొట్టి వీపునకు వేరుగా, పొడుగు వీపునకు వేరుగా దొరకును. తల వంచినప్పుడు మెడ వెనుక పైకి తేలు ఎముకనుండి, నడుముపై చేతులు వేసికొన్నప్పుడు బొటనవ్రేళ్లు కలియు గీతవరకు కొలిపించుకొని, ఆ కొలతకు సరిపడు సంచిని, దుకాణములోనే పది కిలోల బరువు వేయించుకొని, పావుగంట నడచి చూచి కొనవలెను. రంగు చూచి కొన్నది ఫోటోలో మాత్రమే బాగుండును.

సర్దుటలో కావడి మోయువాని మెలకువ కావలెను. కావడి బద్దకు రెండు కొనల బరువును సమముగా లేనినాడు మోయువాడు వంకరపోవును. సంచిలోను కుడి యెడమలు సమముగానుండి, నీరు, తిండి, పొయ్యి వంటి బరువైనవి వీపునకు ఆనించి నడుమభాగమున ఉండవలెను. అడుగున బొంతలు, ఏలయనగా అవి రాత్రికిగాని అక్కరలేదు. వానగుడ్డ మాత్రము అన్నిటికంటె పైన, లేదా వెలుపలి జేబులో. విడిదిచోటు చేరునప్పటికి వాన మొదలైనచో మొదట దానిని కట్టి, దాని నీడన తక్కినవానిని విప్పవచ్చును. మరునాడు తడిసిన దానిని బొంతలకు తగులకుండ వెలుపలనే ఉంచవచ్చును. డేరావారికి లేని ఈ సౌకర్యమును ఊయలవాడు సంచి ఎన్నుకొనునప్పుడే తలచుకొని, వెలుపల వలజేబు గల సంచినే కొనవలెను. సంచికి వెలుపల పరుపులు, గిన్నెలు వ్రేలాడగట్టుట మాత్రము వలదు. వెదురుముండ్లు వానిని పట్టి లాగును.

ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే 18న చెన్నపట్టణమునుండి బయలుదేరి, 1831 సెప్టెంబరు 3న తిరిగి చేరునంతవరకు చేసిన కాశీయాత్రలో ఆయన వెంట సుమారు నూరుగురు పరివారముండిరి. పల్లకీ మోయుటకు బోయీలు, డేరాలు మోయుటకు కూలీలు ఉండిరి. ఆ కాలమునకు అది తగినది. మనకు బోయీలు లేరు. మన పల్లకీయును మనమే, బోయీయును మనమే. అందుచేత ప్రతి వస్తువును చేత బట్టి, దీనిని కొండ యెక్కించునది నా మోకాళ్లే గదా యని ఒక్కసారి తలచుకొనుట మంచిది. ఆ కొండలలో తరతరములుగా నివసించు కొండరెడ్లు ఒక ఆనపకాయ బుర్ర నీటితో, ఒక కత్తితో దినమెల్ల అడవిలో తిరిగి వత్తురు. వారికి అడవి ఇల్లు గనుక అంతటితో సరిపోవును. మనము అతిథులము గనుక దోమతెరయు మందులును మానరాదు. కాని వారిని చూచిన తరువాత రెండవ తువాలు సంచిలో పెట్టుటకు మాత్రము నాకు చేయి రాలేదు.

అతిథి మర్యాదలు మరి రెండు. 2008లో జాతీయోద్యానముగా ప్రకటింపబడిన పాపికొండల అడవి వేయి చదరపు కిలోమీటర్లకు పైబడినది. అడవిదున్నలకును చిరుతలకును అది నెలవు. అటవీశాఖవారి అనుమతి లేనిచోట రాత్రి నిలువరాదు. వారు చూపిన విడిదిలోనే ఊయల కట్టవలెను. తీసికొనిపోయిన ప్రతి కవరును, ప్రతి సీసాను తిరిగి తేవలెను. ఆ చెత్తకును సంచిలో ఒక లీటరు చోటు ముందే కేటాయించుకొన్నవాడు దానిని అడవిలో వదలడు.

ఇంటికి తిరిగి వచ్చినపిదప బడలిక తీరకముందే చేయవలసిన పని ఒకటి మిగిలియుండును. సంచిని చాపమీద గుమ్మరించి మూడు కుప్పలు చేయవలెను: వాడినవి ఒకటి, వాడనివి ఒకటి, వాడకున్నను ఉండితీరవలసినవి, అనగా మందులు, వానకోటు వంటివి, మరియొకటి. రెండవ కుప్పను మరుసటి యాత్రకు ఇంటనే విడిచినచో సంచి ఏటేట చిన్నదగుచు వచ్చును. నా విషయమున మూడేండ్లకు లెక్క 43 వద్ద నిలిచినది. అప్పుడుగాని 48 లీటర్ల సంచి కొనలేదు. ఇప్పుడు తలయెత్తి నడచుచున్నాను. వలమూరు ఏటి ఆవలి గట్టున మద్దిచెట్లున్నవని నాకు రెండవ యాత్రలోగాని తెలియలేదు.

మొదట కొనిన 65 లీటర్ల సంచి అటకమీద ఇంటి దూది బొంతలను దాచుకొని యున్నది. అట్టపెట్టె మాత్రము వీథిగదిలోనే యుండును. డిసెంబరు వచ్చిన తోడనే మా పేటలోని పిల్లలు, "బాబాయిగారూ, ఓసారి ఆ పెట్టె ఇస్తారా అండీ?" అని వచ్చి, తమ ఊయలలు, తెరలు, బొంతలు మా అరుగుమీదనే అందులో సర్ది, పెన్సిలు గీతలు లెక్కించుకొని, ఆ సంఖ్యను అరచేత వ్రాసికొని దుకాణమునకు పోవుచుందురు.